నెలకో చుట్టు

వినీలకి అన్నిటికన్నా పెద్ద భయం పాప నిద్ర. పాప ఏడిస్తే భయం లేదు, ఒళ్ళు కాలినా ఇంత భయం లేదు. నిద్రపోతేనే భయం. నిద్రపోయిన పిల్ల మళ్ళీ లేవదేమోనని, లేవకపోతే అది తన చేతివల్లే అయి ఉంటుందని. మొదటి భయం ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి చెప్పబోయి కూడా సగంలో ఆపేసి, ఆమెన్ అనేసి లేచిపోయింది.

పోయిన వారం వాళ్ళని ఆసుపత్రి వరండాలో వదిలి వచ్చాం. కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

రామచంద్రపురానికి ఆరు కిలోమీటర్ల అవతల చంద్రరావుగారి కొబ్బరితోట ఉంది. ఆ కొబ్బరిచెట్ల నీడన నలభై జాజికాయ చెట్లు, వాటి మధ్య రెండు గదుల పెంకుటిల్లు. తోట కాపలా, జాజిచెట్ల సేవ సూరమ్మవి. ఏ పండు ఏ రోజు పగులుతుందో ఆమెకి తెలిసినంతగా నాటించిన చంద్రరావుగారికి కూడా తెలియదు. ఆమె కొడుకు సుకుమార్ మండపేటలో రైసుమిల్లు పనికి బండి మీద వెళ్ళొస్తాడు. కోడలు వినీల పదో తరగతి పూర్తవగానే చదువు మానేసిన పిల్ల. మనవరాలు ఆశాజ్యోతికి ఐదో నెల.

పన్నెండు రోజుల కిందట ఒక ఉదయం ఆశాజ్యోతి లేవలేదు. ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి ఆడుతోంది, కళ్ళు మాత్రం తెరవదు. పాలు పడితే నోటి పక్కనుంచి కారిపోయాయి. ఆసుపత్రిలో డాక్టరుగారు పిల్ల నోటి దగ్గర వాసన చూసి తలెత్తారు.

"ఏం పట్టేరమ్మా పిల్లకి?"

వినీల నోరు తెరిచింది. ఆమె మాట పైకి రాకముందే వెనకనుంచి సూరమ్మ గొంతు వినిపించింది.

"నేనేనండి. జాజికాయ అరగదీసి పట్టేనండి."

వినీల తెరిచిన నోరు మూసుకుంది. అంతే జరిగింది. ఒక మనిషి జీవితంలో నోరు మూసుకోవడం ఎంత చిన్న పని!

మూడు రోజులకి పిల్ల కోలుకుంది. "పసిపిల్లలకి ఇలాంటివి ఒక్క చుక్క కూడా పట్టకూడదు," అని డాక్టరుగారు నలుగురిలో గట్టిగా చెప్పారు. సుకుమార్ తల్లితో ఒకే ఒక్క మాట అన్నాడు, "ఇంక పిల్లని ముట్టుకోకు." ఆ రోజునుంచి సూరమ్మ చాప వసారాలోకి మారింది. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు పాప కోసం కృతజ్ఞతా ప్రార్థన చేస్తే, సూరమ్మ లేచి నిలబడి, సంఘం ముందు చేతులు జోడించి క్షమించమని అడిగింది. వినీల పాటల పుస్తకంలో పేజీ వెతుకుతూ ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ ఆమె ప్రాణం నిలబెట్టిన ఊరట ఒక్కటే. అత్తయ్యగారు కూడా పట్టేరు కదా. ఆవిడ పట్టింది నాకు తెలీదు, నేను పట్టింది ఆవిడకి తెలీదు. ఇద్దరి చెయ్యీ కలిసి ఎక్కువైపోయింది. సగం ఆవిడది, సగం నాది. ఆ సగం మీదే పన్నెండు రోజులు బతికింది.

* * *

నాలుగు రోజుల ముసురు తర్వాత ఆ మంగళవారం కాస్త తెరిపిచ్చింది. చెట్ల కింద పసుపుపచ్చటి పండ్లు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. నేలమీద ఎక్కువసేపు ఉంటే బూజు పడతాయి కాబట్టి అత్తాకోడళ్ళిద్దరూ పొద్దున్నే ఏరి, వసారాలో గోనెపట్టా మీద పోసుకుని కూర్చున్నారు. పాప లోపల ఉయ్యాలలో ఉంది. ఉయ్యాల కనపడేలా వినీల గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. నాలుగు కాయలు వొలిచి ఒకసారి, ఐదు కాయలు వొలిచి ఒకసారి లేచి వెళ్ళి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తోంది. సూరమ్మ తలెత్తకుండానే, "ఆడుతోందా?" అని అడుగుతుంది. "ఆడుతోందండి," అంటుంది వినీల.

పండు చీలిస్తే లోపల నల్లటి పెంకు గింజ. దాన్ని పట్టుకుని ఎర్రటి వలలాగా జాపత్రి. ఆ జాపత్రిని మొదలు దగ్గర గోటితో లేపి, చిరగకుండా పువ్వులా ఊడదీయాలి. రాజమండ్రినుంచి వచ్చే మసాలా దినుసుల వ్యాపారికి రేకు నిండుగా ఉండాలి, ముక్కలైతే మొహం చిట్లిస్తాడు. నీడలో ఆరితే ఎరుపు పోయి, పండిన తమలపాకు రంగుకి వస్తుంది. గింజని నెలల తరబడి ఆరబెడితే ఊపినప్పుడు లోపల గలగలమంటుంది. అప్పుడు పెంకు కొట్టి తీసిన కాయ ఒకటి స్వీటు షాపుకి పోతుంది, ఒకటి కిళ్ళీకొట్టుకి, ఒకటి క్రిస్మసు కేకులోకి. పైన కండని కూడా సూరమ్మ పారేయదు. ఉప్పూ కారం పెట్టి ఊరవేస్తుంది.

పదిన్నరకి ఆటో దిగి హెలెన్ వచ్చింది. సూరమ్మ కూతురు. మండపేటలో టీచరు. ఇంట్లో మాట్లాడినా బోర్డు ముందు నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది.

"ఇంకా వీటితోనే ఆడుకుంటున్నావా అమ్మా? సిగ్గులేదా నీకు?"

"చెప్పులు విప్పి తిట్టవే. పండ్లు తొక్కేస్తావు," అంది సూరమ్మ.

హెలెన్ చెప్పులు విప్పి, వసారా అంచున నిలబడి, ఇంటి మీదకి వంగిన చెట్టుకేసి చూసింది. ఏదో ఒకదానితో మొదలుపెట్టాలి కదా.

"ఈ చెట్టుకి ఒక్క కాయా కనపడదు. కొట్టించేస్తే ఇంట్లోకి వెలుగైనా వస్తుంది."

"అది పోతు చెట్టే. అది కాయదు. అది లేకపోతే మిగతావీ కాయవు."

"కాయనిదాన్ని మేపడం ఎందుకో!"

"మీ ఆయనా కాయట్లేదుగా. కొట్టించేస్తావేంటి?"

వినీలకి నవ్వు ఆగలేదు. పన్నెండు రోజుల్లో ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. ఆ గొంతు విని హెలెన్ మొహం ఎర్రబడింది.

"నవ్వండి. అత్తాకోడళ్ళిద్దరూ నవ్వుకోండి. పిల్ల చావు తప్పి వచ్చింది, మీకు నవ్వులొస్తున్నాయి. అమ్మా, నేను ఊరంతా తల దించుకు తిరుగుతున్నాను తెలుసా? మా స్కూల్లో పిల్లల తల్లులకి నేనే చెప్తాను, నాటువైద్యాలు చెయ్యకండమ్మా అని. మా అమ్మే చేసింది. తమ్ముడు రాత్రి ఫోన్ చేసేడు. నిన్ను నా దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు."

సూరమ్మ చేతిలో పని ఆగలేదు. "వాడే చెప్పొచ్చుగా, పొద్దున్న నా చేత్తోనే కదా కాఫీ తాగేడు," అంది.

"ఏ మొహంతో చెప్తాడు? తల్లితో ఇల్లు వదిలిపొమ్మని ఎవరైనా చెప్తారా? నాకు మధ్యాహ్నం స్కూలుంది, సగం రోజే సెలవు. నువ్వు బట్టలు సర్దుకుని నాలుగింటి బస్సుకి వచ్చెయ్యి."

"ఆయ్. అలాగేలే."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని హెలెన్ అనుకోలేదు. తెచ్చుకున్న కోపం ఇంకా చాలా మిగిలిపోయింది. దాన్ని వినీల వైపు తిప్పింది.

"నిన్నూ అడగాలి వినీలా. పిల్ల నోట్లో ఆవిడ అది పోస్తుంటే నువ్వేం చేస్తున్నావమ్మా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నేనే పోసేనండి వదినగారూ అంటే చాలు, మూడు మాటలు. వినీల ఉయ్యాల వైపు చూసింది, గోనెపట్టా వైపు చూసింది.

"నేను... నిద్రపోయేనండి. చూడలేదు."

సూరమ్మ చేతిలో జాపత్రి పర్రున చిరిగింది.

ఆ ఇంటికి కోడలుగా వచ్చిన రెండేళ్ళలో ఆ చేతిలో జాపత్రి చిరగడం వినీల చూడలేదు. సూరమ్మ ఆ రెండు ముక్కలకేసి ఒక్క క్షణం చూసి, వేరేగా పళ్ళెంలో పెట్టింది. "ఇది మనకుంటుందిలే. బిర్యానీలోకి ముక్కయితేనేం," అంది, ఎవరితోనూ కాకుండా.

ఆసుపత్రిలో మూసుకున్నది నోరు. ఇప్పుడు తెరిచి చెప్పింది అబద్ధం. ఈ రెంటికీ ఎంత దూరమో వినీలకి ఆ క్షణంలోనే తెలిసింది.

హెలెన్ లోపలికి వెళ్ళి మేనకోడల్ని చూసి, బుగ్గ ముద్దుపెట్టుకుని, బయటికొచ్చి తల్లి భుజం మీద చెయ్యివేయబోయి వెయ్యకుండా, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

* * *

ఆటో చప్పుడు కాలవగట్టు దాటేదాకా ఇద్దరూ పండ్లు చీలుస్తూనే ఉన్నారు. ఆకులమీద నిలిచిన నీళ్ళు పెంకుల మీద టపటపా రాలుతున్నాయి.

వినీలకి ఉన్నట్టుండి ఆ సగం సంగతి తేల్చుకోవాలనిపించింది. అత్తయ్యగారు సాయంత్రం వెళ్ళిపోతారు. తర్వాత అడగడానికి ఉండదు. ఆవిడ ఎంత పట్టేరో తెలిస్తే, తన వంతు ఎంతో తెలుస్తుంది.

"అత్తయ్యగారూ."

"ఊఁ."

"ఆ రోజు మీరు ఎన్ని చుట్లు తిప్పేరండి, కాయని సానరాయి మీద?"

సూరమ్మ చేతిలో కాయ కింద పెట్టి కోడలి మొహంలోకి చూసింది. ఇన్ని రోజుల్లో అలా చూడటం అదే మొదలు.

"ఎందుకు? పంచుకుందామనా?"

వినీల చేతిలో పండుని గోనెపట్టా మీద పెట్టేసింది.

"నేను తిప్పలేదమ్మాయ్. ఆ రోజూ లేదు, అంతకుముందు రోజూ లేదు. మొదటి నెల్లో పట్టబోతే నువ్వేమన్నావు? ఫోన్లో చూపించి, ఇవన్నీ పట్టకూడదంటున్నారండి అన్నావు. నీ పిల్ల, నీ మాట. ఆ రోజే సాన కడిగి బోర్లించేసేను. మళ్ళీ తియ్యలేదు."

"మరి... ఆసుపత్రిలో మీరే..."

"నేనే అన్నాను."

సగం పోయింది. అంతా తనదే. పన్నెండు రోజులుగా పట్టుకుని నిలబడిన గుంజ ఎవరో చల్లగా పెరికి పక్కన పెట్టినట్టయింది. వినీల నోట వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు.

"మీరే కదండీ నెలకో చుట్టన్నారు!"

"ఎవరితో అన్నాను?"

"పక్కింటి ఉషారాణిగారితో. కంచె దగ్గర. వాళ్ళ మనవడు పడుకోవట్లేదంటే, నెలకో చుట్టు చాలమ్మా అన్నారు. నేను బట్టలు ఆరేస్తున్నాను. విన్నాను."

"అన్నాను. అయితే?"

"పాపకి ఐదో నెల కదండి." వినీల ఐదు వేళ్ళూ చాపింది. "ఐదు చుట్లు తిప్పేను."

కోడలు ఏదో పట్టిందని సూరమ్మకి తెలుసు. ఎంత పట్టిందో ఇప్పటిదాకా తెలీదు. ఆమె పెదవులు ఆ మాటని మెల్లగా అని చూసుకున్నాయి. నెలకో చుట్టు. నెలకో చుట్టు. ఎటు తిప్పి పలికినా ఆ మాటలో రెండర్థాలూ ఉన్నాయి. ముప్ఫై నలభై ఏళ్ళుగా అంటున్న మాట, ఒక్కనాడూ ఆమెకి రెండోది వినపడలేదు.

"ఓసి పిచ్చితల్లీ," అంది చివరికి. "నెలకి ఒక్కసారి, ఒకే ఒక్క చుట్టు. ఏ నెలైనా ఒకటే. నెలకొకటి చొప్పున పెంచుకుపోవడం కాదే."

వినీల రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఎన్ని రోజులు పట్టేవు?"

"మూడు. మొదటిరోజు పడుకుంది, మూడు గంటలు. నేను కూడా పడుకున్నానండి. పాప పుట్టేక అంత నిద్ర ఎరగను. లేచి స్నానం చేసేను, తల దువ్వుకున్నాను. రెండోరోజు మళ్ళీ ఏడుస్తుంటే మళ్ళీ పట్టేను. మూడోరోజు... అది కాస్త గట్టిగా తిప్పేనేమో."

"ఏ కాయ?"

"చూరు కింద బుట్టలోది. పెంకు కొట్టి."

సూరమ్మ కళ్ళు మూసుకుంది. "అది వారం కిందట రాలిన కాయమ్మా. ఇంకా పచ్చిది. మేము అరగదీసేది ఏడాది ఎండి రాయిలాగైపోయిన కాయ. ఒక చుట్టు తిప్పితే సాన మీద మరక కూడా పడదు, వాసన తగులుతుందంతే. పచ్చిది వెన్నలాగొస్తుంది. ఐదు చుట్లంటే... ప్రభువా."

"నన్ను అడగొచ్చుగా?" అంది మళ్ళీ. ఆ గొంతులో కోపం లేదు, అందుకే వినీల తట్టుకోలేకపోయింది.

"ఎలా అడగనండి? వద్దన్నదాన్ని నేనే. మళ్ళీ నేనే వచ్చి ఎలా పట్టాలండీ అని అడిగితే మీరు నవ్వుతారనుకున్నాను."

"నవ్వేదాన్నే," అంది సూరమ్మ నిజాయితీగా. "నవ్వి, చెప్పేదాన్ని. నీ తప్పు ఎంతో, నాదీ అంతే. కంచె అవతలి దానికి చెప్పేను, ఇంట్లోదానికి చెప్పలేదు. చదువుకున్న పిల్ల, ఫోన్లో చూసుకుంటుందిలే అని మనసులో కాస్త ఉక్రోషం పెట్టుకున్నాను."

"మీకు నేనే పట్టేనని ఎలా తెలుసు?"

"ఆ రోజు పొద్దున్న పిల్లని నా చేతికిచ్చేవు చూడు, ఆటో కోసం పరిగెత్తే ముందు. నీ బొటనవేలు నా ముక్కుకి తగిలింది. నా చేతులకి ఎప్పుడూ ఆ వాసనే కాబట్టి నాది నాకు తెలీదు. నీది తెలిసింది."

"మరి ఎందుకండీ... మీరెందుకు మీద వేసుకున్నారు?"

సూరమ్మ గోనెపట్టా మీద పండొకటి తీసుకుని, చీల్చకుండా అరచేతిలో పట్టుకు కూర్చుంది.

"నన్ను పిల్లకి దూరంగా పెట్టొచ్చు. నిన్ను పెడితే పాలెవరిస్తారు? అది ఒకటి." పండుని అటూ ఇటూ తిప్పింది. "ఇంకోటి ఉంది. నీకు తెలీదు, సుకుమార్‌కీ తెలీదు. హెలెన్ కన్నా ముందు నాకో మగపిల్లాడు పుట్టేడు. మూడో నెల. మేము అప్పుడు రాజమండ్రి అవతల, కోరుకొండ వైపు ఒక రైతు దగ్గర పాలేరు ఇంట్లో ఉండేవాళ్ళం. నాట్లప్పుడు పిల్లాడు ఏడుస్తుంటే పని సాగదని మా అత్త పొద్దున్నే జాజికాయ పట్టి, గట్టుమీద గొడుగు కింద పడుకోబెట్టేది. నేను కూడా పట్టేదాన్ని, ఆవిడ పట్టిందో లేదో తెలీనప్పుడు. ఒకరోజు మధ్యాహ్నం పాలివ్వడానికి వెళ్తే లేవలేదు."

తోటలో ఎక్కడో కొబ్బరిమట్ట తెగి పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"గాలి సోకిందన్నారు. నేనూ గాలే అనుకున్నాను, ఇన్నేళ్ళూ. ఎంతమంది పిల్లలకి నా చేత్తో పట్టేనో. ఆ రోజు డాక్టరుగారు, ఒక్క చుక్క కూడా పట్టకూడదమ్మా అన్నారే, అప్పుడు తెలిసింది. గాలి కాదు." ఆమె పండుని మెల్లగా కింద పెట్టింది. "నేనేనండి అన్నది అబద్ధం కాదమ్మాయ్. నలభై ఏళ్ళు ఆలస్యంగా చెప్పేను, అంతే."

లోపల పాప ఏడుపు అందుకుంది. వినీల లేవలేదు. జీవితంలో మొదటిసారి ఆ ఏడుపు ఆమెకి వినపడనే లేదు.

"లే, పాలివ్వు," అంది సూరమ్మ. "ఇదుగో, వాడికి ఈ మాట చెప్పకు. వాడు మంచివాడే, కానీ మరిచిపోయే మనిషి కాదు. నువ్వు పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా వాడు నీ చేతులకేసి చూస్తాడు. నా వయసుకి అది పడతాను. నీ వయసుకి పడలేవు."

వినీల వంగి అత్తగారి కాళ్ళు పట్టుకోబోతే ఆమె వెనక్కి తీసుకుంది. "జాపత్రి తొక్కుతావు, లే," అంది.

* * *

మధ్యాహ్నం మళ్ళీ పాలు తాగుతూ తాగుతూ పాప పడుకుంది. పక్కన ఒరిగిన వినీల ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలీదు. బండి చప్పుడుకి లేచేసరికి ఆరవుతోంది. సుకుమార్ హెల్మెట్ తీసి గుమ్మంలో నిలబడ్డాడు. తలంతా ఊకదుమ్ము.

వసారాలో చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. గోనెపట్టా శుభ్రంగా దులిపి మడత పెట్టి ఉంది. జాపత్రి అంతా మూడు చాటల్లో పరిచి, జల్లు కొట్టకుండా లోపలికి జరిపి ఉంది.

"అమ్మ వెళ్ళిపోయిందా?" అన్నాడు సుకుమార్, చాపకేసి చూస్తూ.

"నాలుగింటి బస్సుకి వెళ్ళుంటారండి."

"ఊఁ," అని అతను కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి నడిచాడు. వినీల వెనకే వెళ్ళింది. అతను చెంబు ముంచుతుండగా, వెనకనుంచి, అతని వీపుకే చెప్పింది. మొహం చూస్తే చెప్పలేనని తెలిసి అలా చెప్పింది.

"పాపకి పట్టింది అత్తయ్యగారు కాదండి. నేను. నెలకో చుట్టంటే ఐదు చుట్లనుకున్నాను. మూడు రోజులు పట్టేను. ఆవిడ ఒక్క చుక్క పట్టలేదు. పొద్దున్న వదినగారు అడిగితే నిద్రపోయేనని అబద్ధం కూడా చెప్పేను. చెప్పొద్దన్నారు ఆవిడ. నేను చెప్పకుండా ఉండలేనండి. మీరు నన్నేమన్నా అనండి."

చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. అతను తిరగలేదు. చెంబుకేసి చూస్తూనే అడిగాడు.

"ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయేను. ఆవిడ చెప్పేసేరు. నాకు... నాకు హాయిగా అనిపించిందండి."

ఆ మాటకి అతను వెనక్కి తిరిగాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. అతని మొహంలో ఉన్నది వేరే.

"నేను అమ్మతో ఒక్కమాట కూడా చెప్పలేదు వినీలా. పొమ్మనడానికి అక్కని పంపించేను. పొద్దున్న కాఫీ తాగేసి, వస్తానమ్మా అని కూడా అనకుండా బండి తీసేను." చెంబు గట్టున పెట్టేశాడు. "ఫోనెక్కడ? తీసుకొచ్చేద్దాం. ఇప్పుడే వెళ్ళి తీసుకొచ్చేద్దాం."

హెలెన్ మొదటి రింగుకే ఎత్తింది. సుకుమార్ స్పీకరు నొక్కాడు.

"అక్కా, అమ్మకి ఓసారి ఇవ్వు."

"అమ్మేదిరా ఇక్కడ? రేపొస్తానని మూడింటికి ఫోన్ చేసింది. పిల్లని ఇవాళ ఒక్కరోజు చూసుకుని వస్తానంది. ఇంట్లో లేదా?"

సుకుమార్ తల్లి నంబరుకి చేశాడు. ఫోను ఇంట్లోనే మోగింది. బియ్యం డ్రమ్ము మీద, చార్జరు చుట్టి, కళ్ళజోడు పెట్టె పక్కన ఉంది. బట్టల సంచి మేకుకే వేలాడుతోంది. గుమ్మం పక్కన ఆమె రబ్బరు చెప్పులు రెండూ జతగా ఉన్నాయి.

కోరుకొండలో ఉన్న మేనమామ రాజరత్నానికి చేశాడు. "మా అక్కా? ఈ వైపు వచ్చి ఎన్నేళ్ళయిందిరా. ఏమైంది?" అన్నాడాయన. సుకుమార్ ఏం చెప్పాడో వినీల వినలేదు. ఆమె అప్పటికే పాపని భుజాన వేసుకుని కాలవగట్టు మీదకి పరిగెత్తింది. అక్కడ గేదెల్ని తోలుకొస్తున్న వీరబాబు, "మీ అత్తగారండీ? నాలుగింటప్పుడు రాజమండ్రి బస్సు ఎక్కేరండి. మండపేటది కాదమ్మా ఇది అన్నాను. తెలుసులే బాబూ అన్నారు," అన్నాడు.

అందుకని ఒక్క మాట. రామచంద్రపురం నుంచి రాజమండ్రి పోయే సాయంత్రం బస్సులో మీలో ఎవరైనా ఉంటే, నీలం అంచు నేతచీరలో, సంచీ లేకుండా, కాళ్ళకి చెప్పుల్లేకుండా ఒక పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని ఉందేమో చూడండి. సూరమ్మగారేనా అని పలకరించండి. అన్నం తిన్నారా అని అడగండి. కాదమ్మా, నేను కాదు అని అనొచ్చు, నమ్మకండి. మీ స్టాపు వచ్చినా సరే, ఆవిడ ఎక్కడ దిగుతుందో చూసేదాకా మీరు దిగకండి.